విడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడ్ క్రిమి దొరికినట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఈ ఏడాదిలో మూడుసార్లు జ్వరం వచ్చింది. మూడుసార్లూ 'టైఫాయిడ్ పాజిటివ్' అన్నారు. ప్రతిసారీ మూడు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు, తర్వాత కొన్ని మాత్రలు. మూడోసారి తొందరగా తగ్గలేదని టౌన్లో ఇంకో డాక్టరు గారికి చూపిస్తే ఆయన బ్లడ్ కల్చర్ రాశారు. ఇంజెక్షన్లు మొదలైన నాలుగో రోజున రక్తం తీశారు. ఐదు రోజులాగి 'నో గ్రోత్' అని రిపోర్టు ఇచ్చారు. ఈలోగా జ్వరం తగ్గింది, ఇప్పటికి మూడు వారాలుగా బాగానే ఉంది. మొన్న ఇంటికొచ్చినప్పుడు అనుమానంకొద్దీ మళ్లీ విడాల్ చేయిస్తే 1:160 వచ్చింది. 'రక్తంలో టైఫాయిడ్ ఇంకా పోలేదు, పది రోజులు ఇంజెక్షన్లు పడాలి' అంటున్నారు మా ఊళ్లో చూసే ఆయన. ఒక టెస్టు ఉందంటుంది, ఇంకొకటి లేదంటుంది. ఏది నమ్మాలి? ఇంకో విషయం. మా అమ్మకి 68 ఏళ్లు, షుగర్ ఉంది. చెకప్‌లో యూరిన్ కల్చర్ చేస్తే ఈ. కోలై అని వచ్చింది. ఆమెకు మంటా లేదు, జ్వరమూ లేదు. రిపోర్టులో మందుల పేర్లు, వాటి పక్కన ఎస్, ఆర్ అనీ, అంకెలూ ఉన్నాయి. మెడికల్ షాపు అబ్బాయి అన్నిటికన్నా తక్కువ అంకె ఉన్న మందు చూసి ఇచ్చాడు. వెయ్యమంటారా? అసలు ల్యాబ్‌లో ఇది ఫలానా బ్యాక్టీరియా అని ఎలా పోల్చుకుంటారో కూడా అడగమని మా అమ్మాయి చెప్పింది.

— ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ముందు రెండు మాటలు తేల్చి చెప్పేస్తాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. జ్వరం లేకుండా తిని తిరుగుతున్న పిల్లకి, కాగితం మీద 1:160 కనిపించిందని ఇంజెక్షన్లు వేయించకండి. మీ అమ్మగారి మాత్రలు ఇంకా మొదలుపెట్టకపోతే పక్కన పెట్టి, ఆమె షుగర్ చూసే డాక్టరు గారికి ఆ రిపోర్టు చూపించండి. ఏ బాధా లేని పెద్దవాళ్లకి మూత్రంలో ఈ. కోలై అనే బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన చాలామటుకు మందు అక్కర్లేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేశాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నని ఎంతమంది తల్లిదండ్రులు కాగితం పట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడి అడిగారో లెక్కలేదు. 'రక్తంలో టైఫాయిడ్ ఉందట' అంటారు. ఆ మాట దగ్గరే తప్పటడుగు పడుతోంది. విడాల్ టెస్టులో ఎవరూ మీ అమ్మాయి రక్తంలో క్రిమిని చూడలేదు. చూడటానికి ప్రయత్నం కూడా చేయలేదు.

ఆ టెస్టులో జరిగేది ఇది. చచ్చిన టైఫాయిడ్ బ్యాక్టీరియాని తెల్లటి ద్రవంలా చేసి సీసాల్లో అమ్ముతారు. పేషెంటు రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చ నీరు, అంటే సీరం, దాంట్లో కలుపుతారు. ఆ సీరంలో టైఫాయిడ్ క్రిమికి విరోధంగా తయారైన యాంటీబాడీలు ఉంటే అవి క్రిముల్ని ఒకదానికొకటి అంటించేస్తాయి. పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు కనిపిస్తాయి. సీరాన్ని పలచన చేసుకుంటూ పోయి ఎక్కడిదాకా విరుగుతోందో చూస్తారు. 1:160 అంటే 160 రెట్లు పలచన చేసినా విరిగిందని అర్థం. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ అనే వైద్యుడు దీన్ని ప్రకటించారు. అప్పటికి అది గొప్ప పనే. కానీ అక్కడ మనకి కనిపిస్తున్నది క్రిమి కాదు, క్రిమి మీద ఒంటికి ఉన్న జ్ఞాపకం.

ఆ జ్ఞాపకం తొందరగా చెరిగిపోదు. జ్వరం తగ్గాక కూడా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు, ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కి ఇవాళ విడాల్ పాజిటివ్ వస్తుంది. మన నీళ్లు, మన బయటి తిళ్లు మీకు తెలియనివి కావు. టైఫాయిడ్ ఏళ్ల తరబడి తిరుగుతున్న ప్రాంతంలో ఏ జబ్బూ లేని మనిషి రక్తంలోనూ ఈ యాంటీబాడీలు కొంత ఉంటాయి. టైఫాయిడ్ క్రిమికి దగ్గర చుట్టాలైన ఇతర సాల్మొనెల్లా జాతి బ్యాక్టీరియా సోకినా వస్తుంది. మలేరియాలాంటి వేరే జ్వరాల్లో కూడా ఒక్కోసారి వస్తుంది. పైగా నిజంగా టైఫాయిడ్ సోకినవాళ్లలో ఈ యాంటీబాడీలు పైకి రావడానికి వారం రోజులు పడుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన రెండో రోజునే 'టైఫాయిడ్ పాజిటివ్' అన్నారంటే, ఆ పాజిటివ్‌కీ ఈ జ్వరానికీ సంబంధం లేకపోయే అవకాశమే ఎక్కువ. మీ అమ్మాయికి మూడుసార్లూ జ్వరం ఎన్నో రోజున రక్తం తీశారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఈ టెస్టుకి విలువ లేదని అనను. పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, రెండోసారి నాలుగు రెట్లు పెరిగితే అది సాక్ష్యమే. కానీ అన్నాళ్లు జ్వరంతో ఎవరు కూర్చుంటారు? అందుకే ఆచరణలో అందరూ ఒకసారి చేసి ఆ అంకెతోనే తీర్పు చెప్పేస్తున్నారు. టైఫాయిడ్ తగ్గిందా లేదా చూడటానికి మాత్రం విడాల్ ఏమాత్రం పనికిరాదు. మీ ఊళ్లో ఆయన చేస్తున్నది సరిగ్గా అదే. తగ్గిందనడానికి గుర్తులు జ్వరం పోవడం, ఆకలి పుట్టడం, బరువు తిరిగి రావడం. అవి మీ కళ్లముందే ఉన్నాయి.

ఇక కల్చర్. ఇది క్రిమినే బతికుండగా పట్టుకునే పద్ధతి. మరి కల్చర్‌లో రాలేదు కదా, అంటే మీ అమ్మాయికి టైఫాయిడ్ లేదనేనా? అలా కూడా అనలేం. కారణం మీ ఉత్తరంలోనే ఉంది: నాలుగో రోజు. అప్పటికే మూడు రోజుల ఇంజెక్షన్లు రక్తంలో తిరుగుతున్నాయి. టైఫాయిడ్‌లో రక్తంలో ఉండే క్రిములు అసలే బహు తక్కువ. ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్కటి దొరికితే గొప్ప. అందుకే పెద్దవాళ్లకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలి. ఒక్క మందూ పడకముందు, మొదటి వారంలో, తగినంత రక్తం తీసి చేసినా కల్చర్ టైఫాయిడ్‌ని నూటికి 40 నుంచి 60 మందిలోనే పట్టుకుంటుంది. మందు పడ్డాక ఇంకెంత తగ్గుతుందో ఆలోచించండి. అంటే మీ చేతిలో ఉన్న రెండు కాగితాల్లో ఒకటి పాత సంగతి చెబుతోంది, రెండోది చెప్పాల్సిన సమయం దాటాక చెబుతోంది. రెండూ కలిపినా ఈ ఏడాది వచ్చిన మూడు జ్వరాలు టైఫాయిడో కాదో తేలదు.

ఇది రాస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది. మొదటి జ్వరానికి, మొదటి ఇంజెక్షన్‌కి ముందు ఒక్క సీసా రక్తం తీసి ఉంటే ఈ పాటికి తేలిపోయేదేమో. మందు ఆలస్యం చేయమని నేను చెప్పడం లేదు. రక్తం తీయడానికి పది నిమిషాలు పడుతుంది. తీసిన వెంటనే మందు మొదలుపెట్టుకోవచ్చు. రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తారు, అక్కర్లేకపోతే ఆపుతారు. మనిషి మగతగా ఉన్నా, ఆయాసం వస్తున్నా, బీపీ పడిపోతున్నా రిపోర్టు కోసం అసలు ఆగకూడదు. అప్పుడు కూడా ముందు రక్తం, ఆ వెనకే మందు.

ఇప్పుడు మీ అమ్మాయి అడిగిన ప్రశ్న. అమ్మా, ఇది నీకే రాస్తున్నాను.

బ్లడ్ కల్చర్ సీసాలో కూరగాయల రసంలాంటి పోషక ద్రవం ఉంటుంది. రక్తం అందులో పోసి, మన ఒంటి వేడికి సమానంగా 37 డిగ్రీల దగ్గర మెషిన్‌లో పెడతాం. క్రిమి ఉంటే తిని పెరుగుతుంది, పెరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మెషిన్ దాన్ని పసిగట్టి బీప్ కొడుతుంది. టైఫాయిడ్ అయితే తరచుగా మొదటి రెండు రోజుల్లోనే కొడుతుంది. సీసా తీసి ఒక చుక్క గాజు పలక మీద పరిచి గ్రామ్ స్టెయిన్ వేస్తాం. 1884లో డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో ఉండగా కనిపెట్టిన రంగు ఇది. ముందు ఊదా రంగు, తర్వాత అయోడిన్, ఆ తర్వాత ఆల్కహాల్‌తో కడగడం, చివర గులాబీ రంగు. గోడ మందంగా ఉన్న బ్యాక్టీరియా ఊదా రంగుని వదలదు. గోడ పలచనివి కడగ్గానే వదిలేసి గులాబీ రంగు ఎక్కించుకుంటాయి. ఐదు నిమిషాల పని. దాంతోనే లోకంలో ఉన్న బ్యాక్టీరియా చాలావరకు రెండు గుంపులుగా విడిపోతుంది. గుండ్రంగా ద్రాక్షగుత్తిలా ఊదా రంగులో కనిపిస్తే స్టెఫైలోకోకస్, పూసల దండలా ఉంటే స్ట్రెప్టోకోకస్ అని అనుమానిస్తాం. గులాబీ రంగు కడ్డీలు కనిపిస్తే టైఫాయిడ్ కావచ్చు, ఈ. కోలై కావచ్చు, ఇంకా చాలా కావచ్చు. పేరు పెట్టడానికి అది చాలదు.

అందుకే అదే చుక్కని మెకాంకీ అగార్ అనే ప్లేట్ మీద గీతలు గీసినట్టు రాసి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. అగార్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. ఇంట్లో పుడ్డింగ్‌కి చైనా గ్రాస్ వాడతారు చూడు, అదే. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ల్యాబ్‌లో పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ హెస్సె వంటింట్లో జెల్లీలకి వాడే ఈ సరుకుని సలహా చెప్పారు. అంతకుముందు జెలటిన్ వాడేవాళ్లు, అది ఇంక్యుబేటర్ వేడికి కరిగిపోయేది. ఒక గృహిణి వంటింటి అనుభవం లేకపోతే మా శాస్త్రం ఎన్నేళ్లు వెనకబడేదో అని నేను పాఠం చెప్పిన ప్రతి బ్యాచ్‌కీ చెప్పేదాన్ని.

మర్నాడు పొద్దున్న ఆ ప్లేట్ మూత తెరిచే క్షణం ఉందే, ముప్పై ఏళ్ల తర్వాత కూడా నాకు పాతబడలేదు. మెకాంకీ అగార్‌లో పాలచక్కెర, అంటే లాక్టోజ్, దాంతోపాటు పులిస్తే రంగు మారే ఒక పదార్థం కలుపుతారు. ఈ. కోలై పాలచక్కెరని పులియబెడుతుంది. అందుకని దాని కాలనీలు, అంటే క్రిములు పెరిగి ప్లేట్ మీద కట్టే చుక్కలు, ఎండుమిరపకాయ నీళ్లలో ముంచిన సగ్గుబియ్యంలా గులాబీ ఎరుపుతో వస్తాయి. క్లెబ్సియెల్లా కూడా గులాబీయే. కానీ తీగతో తాకి పైకెత్తితే బెండకాయ జిగురులా సాగుతుంది. టైఫాయిడ్ క్రిమి, దాని పూర్తి పేరు సాల్మొనెల్లా టైఫి, పాలచక్కెర ముట్టదు. రంగులేకుండా, మంచుబిందువుల్లా పలచగా కనిపిస్తుంది. అక్కడితో అనుమానం బలపడుతుంది. తర్వాత రకరకాల చక్కెరలున్న గొట్టాల్లోకి గుచ్చుతాం. ఏది పులిసింది, ఏది పులియలేదు, గ్యాస్ వచ్చిందా, నల్లబడిందా? ఇనుము, గంధకం ఉన్న ఒక గొట్టంలో మిగతా సాల్మొనెల్లాలు చాలావరకు అడుగంతా నల్లగా చేసేస్తాయి. టైఫి మాత్రం సూది దిగిన దారి వెంట సన్నటి కాటుక గీతంత నలుపు పెట్టి ఊరుకుంటుంది. అది చూస్తే సీనియర్ టెక్నీషియన్లు మాట్లాడకుండా తల ఊపేవాళ్లు.

ఆఖర్న గాజు పలక మీద ఆ కాలనీ కొంచెం సెలైన్‌లో కలిపి, టైఫాయిడ్ యాంటీబాడీలున్న సీరం ఒక చుక్క వేసి అటూ ఇటూ ఆడిస్తాం. కొన్ని సెకన్లలో పలుకులు పలుకులుగా విరుగుతుంది. గమనించావా, ఇది విడాల్ లాంటిదే, కానీ తిరగేసింది. ఇక్కడ సీరం ఏదో మనకి ముందే తెలుసు, పేషెంటు ఒంట్లోంచి వచ్చిన క్రిమి ఏదో తేల్చుకుంటున్నాం. విడాల్‌లో క్రిమి సీసాలోది, పేషెంటుది సీరం మాత్రమే. ఈ తేడా నీకు అర్థమైతే మీ నాన్నగారికి నువ్వే చెప్పగలవు.

ఒక్కో క్రిమికి ఒక్కో నడత. సెగ్గడ్డల చీములో దొరికే స్టెఫైలోకోకస్ ఆరియస్ బంగారు రంగు కాలనీలు కడుతుంది, కుందేలు ప్లాస్మాలో వేస్తే గడ్డకట్టిస్తుంది. కాలిన గాయాల్లో చేరే సూడోమోనాస్ ప్లేట్ అంతా ఆకుపచ్చగా చేసి ద్రాక్షపండు వాసన కొడుతుంది. ప్రోటియస్ ఒక చోట ఆగదు, చెరువులో రాయి వేస్తే అలలు లేచినట్టు ప్లేట్ అంతా పాకుతుంది. క్షయ క్రిమికైతే గ్రామ్ రంగే సరిగా పట్టదు. దానికి వేరే రంగు, వేరే ప్లేట్లు, వారాల తరబడి ఓపిక కావాలి. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో కాలనీని లేజర్‌తో కొట్టి నిమిషాల్లో పేరు చెప్పే యంత్రాలున్నాయి. అయినా ముందు క్రిమి పెరగాలి కదా. పెరగాలంటే బతికుండగా మాకు చేరాలి.

అసలు ప్లేట్ మీద పెరగనివీ ఉన్నాయి. ఇది మీ నాన్నగారు కూడా చదవాలి. చాలా ఏళ్ల కిందట పత్తి చేలల్లో కూలికి వెళ్లే ఒకావిడ తొమ్మిది రోజుల జ్వరంతో మా ఆసుపత్రికి వచ్చింది. బయట ఎక్కడో విడాల్ 1:160 అన్నారు, ఇంజెక్షన్లు పడ్డాయి, జ్వరం దిగలేదు. మా దగ్గర కల్చర్ చేస్తే ఏమీ పెరగలేదు. వార్డులో ఒక పీజీ అమ్మాయి ఆవిణ్ణి తల నుంచి కాలిదాకా శ్రద్ధగా చూసింది. లంగా బొందు కట్టుకునే చోట, ఒరుసుకుపోయిన చర్మం మధ్యలో, బీడీతో కాల్చినట్టు మినపగింజంత నల్లటి పక్కు. నొప్పి లేదు కాబట్టి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లికన్నా చిన్న పురుగు పిల్లలు కుడితే ఎక్కే బ్యాక్టీరియా. అది బతికిన కణాల లోపల తప్ప మా ప్లేట్ల మీద పెరగదు. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండో రోజుకే ఆవిడకి జ్వరం దిగింది. మూడు రూపాయల మాత్ర. ఆ పక్కు ఎవరూ చూడకపోతే ఏమయ్యేదో! స్క్రబ్ టైఫస్‌ని వదిలేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ వానాకాలం నుంచి చలికాలం దాకా ఇది కనిపిస్తూనే ఉంటుంది. ఐదు రోజులు దాటిన జ్వరానికి చంకలు, గజ్జలు, మొలతాడు కింద, చెవుల వెనక వెతికి చూడమని ఇంట్లోవాళ్లే డాక్టరుకి గుర్తు చేయొచ్చు. దీన్ని రక్తంలో ఐజీఎమ్ ఎలైజా టెస్టుతో తేలుస్తారు.

ఇంకోటి కూడా ఉంది. ప్లేట్ మీద చక్కగా పెరిగినా పోల్చుకోలేక వదిలేసేది. 2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గర తురకపాలెం జ్వర మరణాలప్పుడు పత్రికల్లో మెలియాయిడోసిస్ అన్న పేరు మీరు చూసే ఉంటారు. మట్టిలో, వరి మడి నీళ్లలో ఉండే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. షుగర్ ఉన్నవాళ్లని ఎక్కువగా పట్టుకుంటుంది. తెలియని ల్యాబ్‌లో ఆ బ్యాక్టీరియాని మామూలు సూడోమోనాస్ అనుకునో, బయటి నుంచి పడ్డ చెత్త అనుకునో పారేస్తారు. పేరు తప్పితే మందు తప్పుతుంది, ఎందుకంటే దానికి మొదట ఆసుపత్రిలో ఇంజెక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు పడాలి. షుగర్ ఉన్న రైతుకి వానల్లో విడవని జ్వరం వస్తే 'పొలం పని చేస్తారు, షుగర్ ఉంది' అన్న రెండు మాటలు ల్యాబ్ కాగితం మీద రాయించండి. ఆ రెండు మాటలతో మేము ప్లేట్‌ని చూసే చూపే మారిపోతుంది.

సరే, మళ్లీ మీ అమ్మాయి దగ్గరికి. మూడు జ్వరాల మధ్యలో ఆమె పూర్తిగా బాగుందా? సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం, మెడ దగ్గర బిళ్లలు, రెండు వారాలు దాటిన దగ్గు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టైఫాయిడ్ మాట పక్కన పెట్టి క్షయ కోసం చూడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లె పరీక్ష ఉచితం. పరీక్షకి ఇచ్చేది ఉమ్మి కాదు, లోపలి నుంచి దగ్గి తెచ్చిన కళ్లె. అలాంటివేమీ లేకుండా మధ్యలో బాగానే ఉంటే మూడూ మూడు వేరు వేరు జ్వరాలై ఉండొచ్చు. హాస్టల్ పిల్లలకి వైరల్ జ్వరాలు కొత్తేం కాదు.

నిజంగానే టైఫాయిడ్ అయివుంటే రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి, మూడు రోజుల ఇంజెక్షన్లతో ఆపేయడం. టైఫాయిడ్‌కి మందు మామూలుగా వారం నుంచి రెండు వారాలు పడాలి. సగంలో ఆపితే కొన్ని వారాలకి తిరగబెడుతుంది. సరైన మందు పడ్డా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుందని ఎవరూ చెప్పరు. మూడో రోజుకి టెన్షన్ పడి డాక్టర్ని మార్చేస్తారు, ఆయన మందు మార్చేస్తాడు. ఒకప్పుడు బాగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకాలకి మన దేశంలో టైఫాయిడ్ క్రిమి చాలావరకు లొంగడం మానేసింది. మీ చీటీల్లో అవి ఉన్నాయేమో చూడండి. రెండోది, హాస్టల్ వంట. టైఫాయిడ్ తగ్గాక కూడా కొందరి పిత్తాశయంలో క్రిమి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాళ్లకి ఏ బాధా ఉండదు, మలంలో మాత్రం పోతూ ఉంటుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి విషయంలో ఇలాగే జరిగింది. 1907లో పరీక్షించి కనిపెట్టేదాకా ఆమె పనిచేసిన ఇళ్లలో వరసగా జ్వరాలు. హాస్టల్లో మిగతా పిల్లలకీ జ్వరాలు వస్తున్నాయా అని మీ అమ్మాయిని అడగండి. వస్తుంటే పది మంది తల్లిదండ్రులు కలిసి వెళ్లి మంచినీళ్ల ట్యాంకు కడగడం, క్లోరిన్ వేయడం, వంటవాళ్ల చేతుల శుభ్రత గురించి గట్టిగా అడగాల్సిందే. మొహమాటం వద్దు.

టీకా కూడా వేయించండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒక్క డోసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఈ రకంలో మొట్టమొదట ఆమోదించింది మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టీకానే. జబ్బు వచ్చి తగ్గినవాళ్లూ వేయించుకోవచ్చు. నూటికి నూరుపాళ్లు ఆపదు కానీ బాగా కాపాడుతుంది. ఇంకో మాట, జ్వరం వస్తే 'లంఖణం పరమౌషధం' అని పిల్లని పస్తు పెట్టకండి. టైఫాయిడ్‌లో పేగులు పుండుపడి ఉంటాయి, నిజమే. కానీ ఒంటికి బలం కావాలి. మెత్తటి అన్నం, పెరుగు, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు పెట్టండి. కారాలు, వేపుళ్లు మానితే చాలు.

మళ్లీ జ్వరం వస్తే ఏం చేయాలంటారా? పారాసెటమాల్ వేసి, ఎంబీబీఎస్ చదివిన డాక్టరుకి చూపించండి. మూడో రోజుకీ తగ్గకపోతే, యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్‌కి తీయమని మీరే అడగండి. వీలైతే రెండు చేతుల నుంచీ రెండు సీసాలు. ఒక సీసాలో చర్మం మీది మామూలు బ్యాక్టీరియా పెరిగితే సూదితో పాటు లోపలికి వచ్చిందని గుర్తుపట్టడానికి రెండోది ఉపయోగపడుతుంది. దాంతోపాటే మలేరియా, డెంగీ పరీక్షలు, సీబీసీ, అంటే రక్తకణాల లెక్క. ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ అనుకునే ఉంటారు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో కల్చర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. పది రోజుల సెలైన్లు, ఇంజెక్షన్ల లెక్క వేసుకుంటే బయట చేయించినా తక్కువే అవుతుంది.

ఇక మీ అమ్మగారు. పెద్ద వయసు ఆడవాళ్లలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో, మూత్రంలో బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా కాపురం ఉండటం మామూలే. మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, జ్వరం, నడుము పక్కన నొప్పి లేకపోతే మందు వేయం. వేసినా కొన్నాళ్లకి మళ్లీ వస్తాయి. ఈసారి వచ్చేవి ఆ మందుకి లొంగని మొండివి. గర్భిణుల విషయం వేరు, వాళ్లకి బాధ లేకపోయినా మందు ఇస్తారు. మూత్రనాళానికి సంబంధించిన కొన్ని ఆపరేషన్ల ముందు కూడా.

పైగా శాంపిల్ ఎలా ఇచ్చారో కూడా చూడాలి. ఈ. కోలై అనుకూలమైన వేడిలో ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఒక్కటి మూడు గంటల్లో 512 అవుతుంది. పొద్దున్న ఇంటి దగ్గర తీసుకున్న సీసా ల్యాబ్ కుర్రాడి బండి డిక్కీలో తిరిగి తిరిగి మధ్యాహ్నానికి చేరితే, పడ్డ నాలుగు క్రిములు లక్షలైపోతాయి. మేము మిల్లీలీటరుకి లక్ష దాటితే ముఖ్యం అంటాం. ఆ లక్ష మీ అమ్మగారి ఒంట్లో పెరిగాయా, డిక్కీలో పెరిగాయా అన్నది కాగితం చెప్పదు. ఎప్పుడైనా నిజంగా అవసరమైతే శుభ్రంగా నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధారని ల్యాబ్ ఇచ్చిన సీసాలోనే పట్టి, గంటలోపు చేర్చండి. వీలుకాకపోతే ఫ్రిజ్‌లో ఉంచండి.

ఆ అంకెల సంగతి. ఎస్ అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని. పక్కన అంకె, క్రిమి పెరగకుండా ఆపడానికి ఆ మందు కనీసం ఎంత చిక్కగా ఉండాలో చెబుతుంది. ఒక మందు అంకెని ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. కిలో బియ్యం ధరకీ తులం బంగారం ధరకీ పోలిక పెట్టినట్టు ఉంటుంది. ప్రతి మందుకీ దాని హద్దు దానికి వేరే ఉంటుంది. నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రాశయంలో బాగా పనిచేస్తుంది, కానీ జ్వరంతో కిడ్నీదాకా పాకితే పనికిరాదు. అమికాసిన్ ఇంజెక్షన్ ఎస్ అని ఉన్నా, షుగర్‌తో కిడ్నీలు బలహీనపడ్డ మనిషికి ప్రమాదం. ఈ లెక్కలన్నీ కాగితం మీద ఉండవు, మనిషిని చూసే డాక్టరు బుర్రలో ఉంటాయి. మందు పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. ఆ అబ్బాయి మీకు మంచే చేయాలనుకుని ఇచ్చుంటాడు, అయినా తిరిగి ఇచ్చేయండి.

ఒక పని మాత్రం ఈ ఆదివారం కూర్చుని చేయండి. అమ్మాయి మూడు జ్వరాల కాగితాలన్నీ తేదీల వరసలో ఒక ఫైల్‌లో పెట్టండి. ప్రతి రిపోర్టు మీద పెన్నుతో రెండే రాయండి: రక్తం తీసేటప్పటికి జ్వరం ఎన్నో రోజు, అప్పటికి యాంటీబయాటిక్ పడిందా లేదా. ఆ ఫైల్ అమ్మాయి చేతికిచ్చి హాస్టల్‌కి పంపండి. ఈసారి ఏ డాక్టరు ముందు కూర్చున్నా ముందు అదే తీసి చూపించమనండి.